చెలమలోయలో దిగిన బెగ్గురు పక్షి

అనగనగా, మనలో ఎవ్వరం చూడని ఒక అడవిలో, రెండు కొండల నడుమ ఇరుకైన లోయ ఒకటి ఉండేది. ఆ లోయలో ఒకే ఒక్క చెలమ ఉండేది. చెలమంటే తెలుసు కదర్రా? నేల అడుగు నుంచి నీళ్ళు ఊరే చిన్న గుంట. ఎంత చిన్నదంటే, దుప్పి ఈ గట్టు మీది నుంచి గెంతితే ఆ గట్టు మీద పడేది. అయినా నడివేసవిలో కూడా అందులో నీళ్ళుండేవి. అందుకే ఆ చోటుకు చెలమలోయ అని పేరు.

నీళ్ళు ఊరికే నిలవవు. ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆ లోయలో అందరూ చూసుకునేవారు. వానలు వచ్చే ముందు కప్పలు అరిచేవి. అవి అరవగానే అందరూ చెలమ దగ్గర చేరేవారు. అడుగున పేరుకున్న పూడిక తీసేవారు. దుప్పులు గిట్టలతో బురద కదిపేవి. అడవిపంది మూతితో ఎత్తి అవతల పోసేది. ఉడుతలు గులకరాళ్ళు ఏరి తెచ్చి గట్టు మీద పేర్చేవి. చెలమకు ఒక పక్క రెల్లుగడ్డి మొలిచిన మూల ఉండేది. కప్పలు అక్కడ గుడ్లు పెట్టేవి. ఆ మూలలో ఎవ్వరూ కాలు పెట్టేవారు కాదు. అక్కడ కాపలా ఏమీ లేదు. పెట్టకూడదని అందరికీ తెలుసు, అంతే.

ఈ పనులన్నిటికీ పెద్దదిక్కు ఒక ముసలి తాబేలు. ఆమెను అందరూ చెలమవ్వ అని పిలిచేవారు.

ఒక చలికాలం పొద్దున పైనుంచి ఒక పెద్ద పక్షి తూలుతూ వచ్చి గట్టు మీద పడింది. మబ్బు రంగు ఒళ్ళు, పొడవాటి మెడ, పొడవాటి కాళ్ళు. అది బెగ్గురు పక్షి. చూడటానికి కొంగలాగే ఉంటుంది కానీ గింజలూ దుంపలూ తిని బతుకుతుంది. సముద్రాల మీదుగా ఎగురుతుంది. పాపం, దాని రెక్క వాచిపోయి ఉంది.

"భయపడకు నాయనా. ముందు నీళ్ళు తాగు" అంది చెలమవ్వ.

పక్షి తాగింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తాగింది.

"ఎన్నో దేశాల నీళ్ళు తాగానవ్వా. ఇంత తియ్యగా ఎక్కడా లేవు."

"నీ పేరేంటి బాబూ?"

"ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో పిలుస్తారు. మీరూ ఒకటి పెట్టండి."

అవ్వ నవ్వింది. మబ్బు రంగులో ఉన్నాడని మబ్బయ్య అని పిలిచింది. ఆ పేరే ఉండిపోయింది.

మబ్బయ్య రెక్క నయమయ్యేదాకా లోయలోనే ఉన్నాడు. నయమయ్యాక కూడా ఉన్నాడు. చుక్కమ్మ అనే దుప్పి అతనికి మెత్తటి గడ్డిదుంపలు ఎక్కడుంటాయో చూపించింది. బుచ్చన్న అనే ఉడుత తన తొర్రలో దాచుకున్న గింజలు తెచ్చి పెట్టాడు. సాయంత్రాలు పిల్లలన్నీ మబ్బయ్య చుట్టూ మూగేవి. అతను మంచుకొండల గురించి చెప్పేవాడు. ఇసుక తప్ప ఏమీ లేని దేశాల గురించి చెప్పేవాడు. అతని మాటలు వింటూ పిల్లలు తినడం మరిచిపోయేవి.

ఒకరోజు చుక్కమ్మ అడిగింది.

"అన్నా, ఇన్ని దేశాలు తిరిగావు కదా. నీ ఊరేది?"

"నాకు ఊరంటూ లేదు చెల్లీ. అన్నీ నా ఊళ్ళే. ఎక్కడ నా మనసుకు హాయిగా ఉంటే అదే నా ఇల్లు. ఊరికే చూసి పోయేవాళ్ళుంటారే, నేను వాళ్ళలాంటివాణ్ణి కాదు. వెళ్ళిన చోట నెలల తరబడి ఉంటాను. వాళ్ళ తిండి తింటాను. వాళ్ళ మాట నేర్చుకుంటాను. వాళ్ళలో ఒకడినైపోతాను."

పక్కనే ఎండలో పడుకున్న చెలమవ్వ మెల్లగా తల బయటికి పెట్టింది.

"మాకు ఇల్లంటే అలా తెలియదు నాయనా. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మాకు తెలుస్తుంది కదా, దాన్నే మేం ఇల్లంటాం."

మబ్బయ్య ఆ మాట విని చాలా బాగుందన్నాడు. ఇలాంటి మాట ఏ దేశంలోనూ వినలేదన్నాడు. తర్వాత గాలి బాగుందని కొండ మీదికి ఎగిరిపోయాడు.

చలి పోయింది. ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం కప్పలు అరిచాయి. మర్నాడు పొద్దున్నే అందరూ చెలమలో దిగారు. ముసలివాళ్ళూ వచ్చారు, పసిపిల్లలూ వచ్చారు. మబ్బయ్య గట్టు మీద నిలబడి చూస్తూ ఉన్నాడు.

"నువ్వూ దిగు నాయనా" అని పిలిచింది అవ్వ. "నీ ముక్కు పొడుగు. రాళ్ళ సందుల్లో బురద మాకు అందదు. నీకు అందుతుంది."

మబ్బయ్య మొహమాటంగా ఒక కాలు మార్చి ఇంకో కాలి మీద నిలబడ్డాడు.

"నేను ఎలాగూ వానలకు ముందే వెళ్ళిపోతాను కదవ్వా. మీ పనిలో చెయ్యి పెడితే పాడు చేస్తానేమో. మీరు చేస్తుంటే చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో!"

అవ్వ మళ్ళీ బురదలోకి దిగింది.

వెళ్ళే రోజు రానే వచ్చింది. పిల్లలు ఏడ్చాయి. మబ్బయ్యకూ కళ్ళు తడిశాయి. అబద్ధం కాదు, అతనికి ఆ లోయ మీద నిజంగానే ప్రేమ ఉండేది. చెలమవ్వ అందరూ వెళ్ళేదాకా ఆగి, అతని దగ్గరికి వచ్చింది.

"ఉండమని అనను నాయనా. నీ రెక్కలు నీవి. ఒక్కటి అడుగుతాను, కాదనకు. మా చెలమ చాలా చిన్నది. దీని సంగతి ఎవరికీ చెప్పకు."

"చెప్పనవ్వా. నా ఇంటి గుట్టు నేనే చెప్పుకుంటానా?" అన్నాడు మబ్బయ్య.

అన్నాడు, ఎగిరిపోయాడు.

సముద్రం అవతల ఒక పెద్ద సరస్సు ఉంది. దేశదేశాలు తిరిగే పక్షులన్నీ ఏటేటా అక్కడ కలుస్తాయి. బాతులు, పెద్దబాతులు, ఇంకా పేరు తెలియని పిట్టలు. అక్కడ చేరి ఎవరెవరు ఏమేం చూశారో చెప్పుకుంటాయి. ఎవరూ చూడని చోటు చూసినవాడికి అక్కడ గొప్ప.

మొదటి సాయంత్రం ఒక సీమబాతు అగ్నికొండ గురించి చెప్పింది. అందరూ దాని చుట్టూ చేరారు. మబ్బయ్య ఒంటరిగా ఒడ్డున నిలబడ్డాడు. అతనికి ఉండబట్టలేదు.

"మీకు తెలియని లోయ ఒకటుంది. అక్కడి నీళ్ళు తాగితే మరే నీళ్ళూ తాగాలనిపించదు" అన్నాడు.

అన్ని తలలూ ఇటు తిరిగాయి. మబ్బయ్య లోయ గురించి చెప్పాడు. చెలమవ్వ గురించి చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, చెబుతూ చెబుతూ తానే ఏడ్చాడు. "ఎక్కడుందో మాత్రం చెప్పను" అన్నాడు చివర్లో. దారి చెప్పలేదు కదా, మాట తప్పినట్టు కాదు అనుకున్నాడు.

రెండో సాయంత్రం సీమబాతు వచ్చి పక్కన కూర్చుంది. "అన్నా, దిక్కయినా చెప్పవూ? మేమేమైనా అల్లరి మూకా? నీలాంటివాళ్ళమే" అంది. మబ్బయ్య తూర్పు వైపు మెడ తిప్పాడు. నోటితో చెప్పలేదు కదా అనుకున్నాడు.

మూడో సాయంత్రం కొన్ని పక్షులు వెక్కిరించాయి. "అలాంటి లోయ ఎక్కడా లేదు. అన్నీ ఈయన కల్పించి చెబుతున్నాడు" అన్నాయి.

మబ్బయ్యకు రోషం వచ్చింది. సముద్రం దాటాక ఏ నది, ఆ నది వెంట ఏ కొండ, ఆ కొండకు ఏ పక్క, అన్నీ చెప్పేశాడు.

మర్నాడు అతను ఇంకో దేశానికి వెళ్ళిపోయాడు. కొత్త దేశం, కొత్త పేరు. చెప్పిన మాట సంగతి మెల్లగా మరిచిపోయాడు.

ఇక లోయలో ఏమైందో వినండి.

ఆ చలికాలం ముందుగా నాలుగు బాతులు వచ్చాయి. చాలా మర్యాదగా ఉన్నాయి. "మబ్బురంగు బెగ్గురు పక్షి చెబితే వచ్చాం" అన్నాయి.

ఆ మాట విని లోయవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ మాత్రం, "వాడు చెప్పి ఉండడు. వీళ్ళే ఎలాగో దారి పట్టి వచ్చుంటారు" అంది. వచ్చినవాళ్ళకు నీళ్ళు చూపించింది.

బాతులు బుచ్చన్నకు సముద్రం అవతలి బాదం గింజలు ఇచ్చాయి. బుచ్చన్న అలాంటివి ఎప్పుడూ తినలేదు. ఎగిరి గంతేశాడు.

"చూశావా అవ్వా! పదిమంది వస్తే మనకే మంచిది" అన్నాడు.

పదిమంది వచ్చారు. తర్వాత వందమంది వచ్చారు. ఆ తర్వాత లెక్కపెట్టడం ఎవరి వల్లా కాలేదు. కొండవాలు అంతా రెక్కలే, కాళ్ళే.

వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కారర్రా. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. పైగా అన్నిటినీ మెచ్చుకునేవారు. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉంది!" అని ఒకటి అరిస్తే, "అవును, ఎంత ప్రశాంతం!" అని వంద గొంతులు అరిచేవి. కప్పలను పట్టుకుని, "మీ వానపాట చాలా బాగుంటుందట, ఏదీ ఒకసారి పాడండి" అనేవి. కప్పలు మిట్టమధ్యాహ్నం అరిచేవి. పాడితే బాతులు వాటికి పురుగులు పెట్టేవి కదా మరి. చెలమవ్వ చుట్టూ మూగి, "అవ్వా, తల లోపలికి పెట్టు. ఏదీ, ఇప్పుడు బయటికి పెట్టు. మా పిల్లలు చూడలేదు, ఇంకోసారి పెట్టు" అనేవి. అవ్వ పెట్టేది. ఇంటికొచ్చినవాళ్ళు కదా అని పెట్టేది. "ఇక్కడివాళ్ళు ఎప్పుడూ ఎంత సంతోషంగా ఉంటారో" అని బాతులు చెప్పుకునేవి.

బుచ్చన్న తన తొర్ర అతిథులకు ఇచ్చేశాడు. వాళ్ళ బాదం గింజలు తీసుకుని, పెళ్ళాంబిడ్డలను కొమ్మ మీద పడుకోబెట్టాడు.

"చలికి పిల్లలు వణుకుతున్నారయ్యా" అంది అతని భార్య.

"కొన్నాళ్ళు ఓర్చుకోవే. వాళ్ళు వెళ్ళాక మన తొర్ర మనదే కదా" అన్నాడు.

ఒకళ్ళు వెళితే ఇంకొకళ్ళు వచ్చారు. తొర్ర ఖాళీ అవ్వలేదు.

చుక్కమ్మ పసిపిల్లను తీసుకుని నీళ్ళకు వస్తే అందరూ చుట్టూ చేరి చూసేవారు. పిల్ల బెదిరి నీళ్ళు తాగకుండానే పారిపోయేది. చివరికి తల్లీబిడ్డా పొద్దు పొడవకముందే వచ్చి, దొంగల్లా తాగి వెళ్ళసాగారు. తమ చెలమలో తామే.

పెద్దబాతులు కొండవాలు మీద గడ్డి వేళ్ళతో సహా తినేశాయి. రెల్లు మూలలో ఈతలు కొట్టాయి. అక్కడ దిగకూడదని చెలమవ్వ ఎంత మొత్తుకున్నా, ఆ గోలలో ఆమె గొంతు ఎవరికీ వినపడలేదు. విన్న ఒక్క బాతు మాత్రం, "అయ్యో, నిజమా! పాపం!" అంది. అని పక్కకు జరిగింది. వెంటనే ఇంకో బాతు ఆ చోట్లో దిగింది. ఆ ఏడు కప్పల గుడ్లన్నీ బురదలో కలిసిపోయాయి.

వానలు వచ్చే వేళయింది. కప్పలు నిజంగానే అరిచాయి. కానీ అవి అప్పటికే రోజూ అరుస్తున్నాయి కదా, ఎవరికి తెలుస్తుంది? అతిథుల కోసం పాడుతున్నాయనుకున్నారు అందరూ. చెలమవ్వకు ఒక్కదానికే ఆ అరుపులో తేడా తెలిసింది.

"పూడిక తీయాలర్రా! రండర్రా!" అని లోయంతా తిరిగింది.

"రేపు వస్తానవ్వా, కొత్తవాళ్ళు దిగుతున్నారు" అన్నాడు బుచ్చన్న. అడవిపంది అతిథులకు దుంపలు తవ్విపెడుతూ తల కూడా ఎత్తలేదు. దుప్పులు జనం మధ్యకు రావడానికి జంకాయి.

అవ్వ ఒక్కతే దిగింది. రోజంతా బురద తీసింది. ముసలి ఒళ్ళు, ఎంతని తీస్తుంది? మర్నాడు వాన మొదలైంది. గడ్డి లేని కొండవాలు కరిగి, ఎర్రటి బురద వరదలా దిగింది. చెలమ నిండా పడింది. వాన వెలిశాక చూస్తే నీటి ఊట నోరు మూసుకుపోయింది. పైన నిలిచిన నీళ్ళు కొన్నాళ్ళు ఆగాయి. ఎండలు మొదలవగానే ఇంకిపోయాయి.

"ఇదేనా ఆ గొప్ప లోయ? వట్టి బురదగుంట!" అనుకుంటూ అతిథులు మెల్లమెల్లగా జారుకున్నారు.

వాళ్ళకు వెళ్ళడానికి వేరే దేశాలున్నాయి. లోయవాళ్ళకు ఏముంది? ఎప్పుడూ ఆ కొండ దాటి ఎరగనివాళ్ళు, పిల్లలను వెంటబెట్టుకుని, నీళ్ళు వెతుక్కుంటూ బయలుదేరారు. ఎక్కడికి పోతున్నారో వాళ్ళకే తెలియదు. అందరికంటే వెనక చెలమవ్వ నడిచింది.

అదే వేసవిలో, ఎక్కడో దూరదేశంలో, మబ్బయ్యకు జబ్బు చేసింది. అక్కడివాళ్ళు అతన్ని చూసి పక్కకు తప్పుకున్నారు. వాళ్ళకు అతను ఏమవుతాడు? మబ్బయ్యకు చెలమలోయ గుర్తొచ్చింది. 'ఇంటికి పోతాను' అనుకున్నాడు. ఆ మాట అనుకోవడం అతనికి అదే మొదటిసారి. కాస్త ఓపిక రాగానే బయలుదేరాడు. సముద్రం దాటాడు. నది దాటాడు. కొండ దాటి కిందికి చూశాడు.

దారి తప్పానేమో అనుకున్నాడు.

పచ్చదనం లేదు. చెలమ ఉండాల్సిన చోట నెర్రెలిచ్చిన ఎర్రమట్టి ఉంది. ఇంకా వెళ్ళని బాతులు కొన్ని గట్టు మీద కూర్చుని ఉన్నాయి. వాటిలో సీమబాతు ఉంది.

"అరె, నువ్వా! ఆలస్యంగా వచ్చావు. ఇక్కడ చూడ్డానికి ఏమీ మిగల్లేదు. జనం ఎక్కువై పాడైపోయింది. మేం ఇంకా ముందే రావాల్సింది" అంది.

మబ్బయ్య చెట్టు చెట్టుకూ తిరిగాడు. "అవ్వా! చుక్కమ్మా!" అని పిలిచాడు. ఒక తొర్రలోంచి బుచ్చన్న బయటికి వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. తొర్ర నిండా బాదం గింజల ఉత్త డొల్లలు.

"ఏరి? అందరూ ఏరి?" అన్నాడు మబ్బయ్య.

"పోయారు. నీళ్ళు లేక తూర్పుకు పోయారు. నా భార్య కూడా పిల్లలను తీసుకుని వాళ్ళతో పోయింది. 'నీ తొర్ర నువ్వే ఉంచుకో' అంది. ఏ మొహం పెట్టుకుని వెంట పోను? ఇక్కడే ఉండిపోయాను."

"చెలమవ్వ?"

"ఆమె కూడా నడిచే పోయింది" అన్నాడు బుచ్చన్న. తల దించుకుని మళ్ళీ తొర్రలోకి వెళ్ళిపోయాడు.

మబ్బయ్య తూర్పుకు ఎగిరాడు. కింద అంతా రాళ్ళ నేల. చెట్టు లేదు, నీడ లేదు. రెక్కలున్నవాడికే ఆ దూరం దాటేసరికి రొప్పు వచ్చింది. ఆ రాళ్ళ మీద పసిపిల్లలు నడిచారు. అవ్వ నడిచింది.

రాళ్ళ నేల దాటాక ఒక సన్నటి గండి కనిపించింది. లోపల ఒక బండ కింద కాస్త తడి ఉంది. చుట్టూ లోయవాళ్ళున్నారు. మునుపటికంటే తక్కువమంది. అడవిపంది బండ కింద తవ్వుతోంది. బుచ్చన్న భార్య గులకరాళ్ళు పేరుస్తోంది. మబ్బయ్య దిగగానే పిల్లలు పరుగెత్తుకుంటూ రాలేదు. తల్లుల వెనక దాక్కున్నాయి.

చుక్కమ్మ ముందుకు వచ్చింది.

"వచ్చావా అన్నా" అంది.

"అవ్వేది చెల్లీ?"

చుక్కమ్మ రాళ్ళ నేల వైపు చూసింది.

"దారిలోనే పోయింది. రాళ్ళ మీద నడిచి నడిచి కాళ్ళు పగిలిపోయాయి. మోస్తామంటే ఒప్పుకోలేదు. 'ముందు పిల్లలను నడిపించండి, నేను వెనకాలే వస్తాను' అనేది. ఎవరైనా వెనకబడ్డారేమో అని ఆగి ఆగి చూసేది. ఒకరోజు పొద్దున చూస్తే కదల్లేదు. చివరి రోజున నిన్ను కూడా తలుచుకుంది."

"ఏమంది?" అన్నాడు మబ్బయ్య.

"'మబ్బయ్యకు చెలమ ఎండిపోయిందని తెలియదు. నీళ్ళుంటాయని నమ్మి, అంతదూరం దప్పికతో ఎగిరొస్తాడు. ఎవరైనా కనిపిస్తే వాడికి కబురు చెప్పండర్రా' అంది."

మబ్బయ్య మెడ వంగిపోయింది. ఆ పొడవాటి మెడ నేలకు ఆనింది.

"దారి నేనే చెప్పాను చెల్లీ. ఎవరూ వాళ్ళంతట వాళ్ళు కనుక్కోలేదు. నేనే చెప్పాను."

"మాకు తెలుసు. అవ్వకూ తెలిసే ఉంటుంది. నీ మీద మాట పడనివ్వలేదు, అంతే."

"నా మీద కోపం లేదా?"

"ఉంది" అంది చుక్కమ్మ. "చాలా ఉంది. అయినా అంతదూరం నుంచి వచ్చావు. అదిగో, బండ కింద కాస్త ఊరింది. తాగు."

ఆకు మీద పట్టేటన్ని నీళ్ళు. వాటి కోసం పిల్లలు వంతు చూసుకుని నిలబడి ఉన్నాయి. మబ్బయ్య నాలుక ఎండిపోయి ఉంది. అయినా ముందుకు అడుగు వేయలేదు.

"నన్ను ఇక్కడ ఉండనివ్వు. నాకు వంతు వద్దు. నేను తవ్వుతాను. రాళ్ళ సందుల్లో మీకు అందని మట్టి నేను తీస్తాను. ఇక ఎక్కడికీ పోను. ఒట్టు" అన్నాడు.

చుక్కమ్మ జవాబు చెప్పేలోపే ఆమె పిల్ల పైకి చూసి బెదిరింది. అందరూ తలలెత్తారు.

దూరంగా, రాళ్ళ నేల పైన, నల్లటి చుక్కల వరస ఒకటి ఇటే వస్తోంది. బాతులు. ముందు సీమబాతు. మంచి చోట్లు మబ్బయ్యకు తెలుస్తాయని వాటికి తెలుసు కదా. అతను ఎటు ఎగిరాడో చూసి, వెంట పడ్డాయి.

అడవిపంది తవ్వడం ఆపేసింది. బుచ్చన్న భార్య పిల్లలను దగ్గరికి లాక్కుంది. అందరూ మబ్బయ్య వైపు చూశారు, అంతే.

చుక్కమ్మ మెల్లగా అంది.

"నువ్వు మంచివాడివే అన్నా. నిన్ను ఉంచుకోవాలనే ఉంది. కానీ నువ్వు ఎక్కడుంటే అక్కడికి వాళ్ళొస్తారు. ఈ నీళ్ళు పోతే మాకు ఇంకెక్కడా లేవు."

మబ్బయ్యకు అర్థమైంది. ఇన్ని దేశాల్లో అతన్ని ఎవరూ ఉండమనలేదు, పొమ్మనలేదు. ఉండాలని తానే కోరుకున్న ఒక్క చోటు నుంచి, తానే పోవాలి.

అతను నీళ్ళ వైపు చూడలేదు. బండల చాటు చాటుగా కిందనే ఎగురుతూ గండికి అవతలి కొస దాకా వెళ్ళాడు. చాలా దూరం వెళ్ళాక ఒక్కసారిగా ఆకాశంలోకి లేచాడు. గొంతెత్తి గట్టిగా కూశాడు. కొండలు మారుమోగేలా కూశాడు. బాతులు ఆ కూత విన్నాయి. అతన్ని చూశాయి. గండి మీదికి రాకుండానే అతని వైపు మళ్ళాయి.

మబ్బయ్య వాటిని తిప్పుకుంటూ ఉత్తరానికి ఎగిరాడు. జబ్బుపడి లేచిన ఒళ్ళు. ఎండిన గొంతు. ఆగితే అవి వెనక్కి చూస్తాయేమో అని ఆగలేదు. సాయంత్రానికి ఒక పెద్ద నది ఒడ్డున దిగాడు. అక్కడ ఎంతమందికైనా సరిపోయే నీళ్ళున్నాయి.

"ఇదేనా? ఇక్కడ ప్రత్యేకం ఏముంది?" అంది సీమబాతు నిరుత్సాహంగా. "ఇంకేమైనా మంచి చోట్లు తెలుసా?"

"తెలియవు" అన్నాడు మబ్బయ్య.

"ఇందాక ఆ రాళ్ళ నేల వైపు ఎందుకు వెళ్ళావు? అక్కడేముంది?"

"ఏమీ లేదు. ఒకావిడ చనిపోయింది" అన్నాడు.

బాతులకు ఆ మాట నచ్చలేదు. కాసేపు ఈదులాడి, వేరే కబుర్లలో పడిపోయాయి.

గండిలో నీళ్ళు ఊరాయో లేదో, పిల్లలు పెద్దవయ్యాయో లేదో మబ్బయ్యకు ఎప్పటికీ తెలియలేదు. తెలుసుకోవాలంటే వెళ్ళాలి, వెళితే వెంట ఎవరైనా వస్తారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికాడు. తూర్పుకు పోయే ప్రతిసారీ ఆ కొండలు కనపడగానే, రెక్కలు లాగేస్తున్నా సరే, సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు.

నీతి: ఒక చోటిని ప్రేమిస్తున్నామని చెప్పడం తేలిక. అక్కడివాళ్ళ కష్టంలో పాలు పంచుకోనివాడి ప్రేమ, ఆ చోటు మీదే బరువై పడుతుంది.